పదో మనిషిని పెట్టుకోవాలా, తొమ్మిది దగ్గరే ఆగిపోవాలా?

విశాఖ గోపాలపట్నం నుంచి ఒక అక్క రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"జంతికలు, చేగోడీలు, అరిసెలు, సున్నుండలు చేసి షాపులకి వేస్తుంటాను. ఇంటి పక్కనే షెడ్డు, కరెంటు గ్రైండర్లు, మూడు పెద్ద పొయ్యిలు. తొమ్మిది మంది పనిచేస్తున్నారు. వంట మేస్త్రి ఒక్కడే మగమనిషి, ఆయనకి 24 వేలు. మిగతా ఎనిమిది మందీ మా వీధుల్లోని ఆడవాళ్లే, 10 నుంచి 14 వేల మధ్య ఇస్తాను. ఇప్పుడొక సూపర్‌ మార్కెట్ వాళ్లు పెద్ద ఆర్డర్ ఇస్తామంటున్నారు. అది ఒప్పుకుంటే రోజుకి 90 కిలోల సరుకు తీయాలి, ఇంకో నలుగురు కావాలి. పదిమంది దాటితే ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) కట్టాల్సిందే అని ఆడిటర్ గారు అంటున్నారు. మా అన్నయ్యేమో ఆ నలుగురినీ పుస్తకంలో రాయకు, లేదా మీ ఆయన పేరు మీద ఇంకో సంస్థ పెట్టేయ్ అంటాడు. పెళ్లి కొత్త అమ్మాయిల్ని అసలు పెట్టుకోవద్దని కూడా అంటాడు. డాలస్‌లో ఉన్న మా మరిది, అక్కడ 50 మంది దాకా ఎవరూ అడగరు, మీకేంటి పదికే అని ఆశ్చర్యపోయాడు. పనివాళ్లని అడిగితే మాకు ఆరోగ్యశ్రీ ఉంది, జీతంలో కోయొద్దు, మలకాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్లొస్తే ఒక రోజు పని పోతుంది అంటున్నారు. 2025 దసరాకి కూడా పదిహేను రోజులు నలుగురిని అదనంగా పెట్టుకున్నాను, అప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. రాత్రిళ్లు ఇదే టెన్షన్. ఆర్డర్ వదిలేసి తొమ్మిది మందితోనే ఉండిపోనా?"

అక్కా, వదిలేయొద్దు. ఆర్డర్ తీసుకోండి, నలుగురినీ పెట్టుకోండి, వాళ్లు పనిలోకి వచ్చేలోపే ఈఎస్‌ఐలో నమోదు చేయించండి. ఎందుకు చెబుతున్నానంటే, ఈఎస్‌ఐ లేకపోతే మీ మీద ఏ భారమూ లేదని మీరు అనుకుంటున్నారు. ఆ భారం ఇప్పటికే మీ నెత్తిమీద ఉంది, కాకపోతే నెలనెలా చలానా రూపంలో కనపడటం లేదు. అది కనపడిన రోజున మీ షెడ్డు, మీ బంగారం రెండూ పోవచ్చు. చిన్న యూనిట్ల హాజరు పుస్తకాలు, చలానాలు చూసే పనిలోనే ఉన్నాను కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను.

ముందు డబ్బు లెక్క చూద్దాం, అందరూ దానికే భయపడతారు. ఈఎస్‌ఐలో యజమాని వాటా జీతంలో 3.25 శాతం, పనివాళ్ల వాటా 0.75 శాతం. 2019 జులైకి ముందు ఇవి 4.75, 1.75గా ఉండేవి, తగ్గించారు. నెలకి 21 వేలు, అంతకు లోపు జీతం ఉన్నవాళ్లకే ఇది. మీ మేస్త్రి గారి జీతం 24 వేలు కాబట్టి ఆయనకి చందా ఉండదు, కానీ పదిమంది లెక్క కట్టేటప్పుడు ఆయన కూడా ఒక మనిషే అని మర్చిపోకండి. కొత్త నలుగురితో కలిపి చందా కట్టాల్సినవాళ్లు పన్నెండు మంది అవుతారు. సగటున 12 వేలు అనుకుంటే మొత్తం జీతాలు 1,44,000. అందులో మీ వాటా 4,680 రూపాయలు. మీరు నెలకి 26 రోజులు, రోజుకి 90 కిలోలు తీస్తే 2,340 కిలోలు. అంటే కిలో సరుకు మీద 2 రూపాయలు పడుతుంది. వేరుశనగ నూనె డబ్బా ధర ఒక్కసారి పెరిగితే మీకు కిలో మీద ఎంత తేడా వస్తుందో నాకన్నా మీకే బాగా తెలుసు. ఈ 2 రూపాయల్ని సూపర్‌ మార్కెట్ వాళ్లకి ఇచ్చే రేటులోనే వేసేయండి. రేటు ఒప్పుకున్నాక వేయాలంటే కుదరదు, అందుకే సంతకం పెట్టేలోపే వేయాలి.

మీ మరిది చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో ఫుల్‌టైమ్ లెక్కన 50 మంది ఉంటేనే యజమాని ఆరోగ్య బీమా ఇచ్చి తీరాలి, లేకపోతే జరిమానా. కానీ అక్కడి భారం వేరే రకం. యజమాని బీమా కంపెనీ దగ్గర పాలసీ కొనాలి, ప్రీమియం తలకి ఇంత అని ఉంటుంది. 2024లో యజమాని ద్వారా వచ్చే బీమాకి ఒక్క మనిషికే సగటున ఏడాదికి దాదాపు 9 వేల డాలర్లు, కుటుంబానికైతే 25 వేల డాలర్లు దాటింది. అందులో కొంత ఉద్యోగి కట్టుకుంటాడు, ఎక్కువ భాగం యజమానిది. గిన్నెలు కడిగేవాడైనా మేనేజరైనా ప్రీమియంలో పెద్ద తేడా ఉండదు కాబట్టి తక్కువ జీతాలిచ్చే చిన్న హోటల్ మీద అది కొండంత బరువు. అందుకే అక్కడ 50 దాకా వదిలేశారు. మన దగ్గర జీతంలో శాతం. 10 వేలు తీసుకునే మనిషికి మీ వాటా 325 రూపాయలు, 21 వేలు తీసుకునే మనిషికైనా 682 రూపాయల 50 పైసలే, అంతకు మించదు. వయసు అడగరు, షుగర్ ఉందా బీపీ ఉందా అని అడగరు. కాబట్టి 50ని 10తో పోల్చి బాధపడకండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ షెడ్డులో మూడు పొయ్యిల మీద సలసల కాగే నూనె ఉంది. గాజువాక వైపు ఇలాంటిదే ఒక చిన్న యూనిట్‌లో జరిగింది చెబుతాను. జంతికల గొట్టం నొక్కుతున్న ఆమె కొంగు మూకుడు అంచుకి తగిలింది. లాక్కోబోతే మూకుడు ఒరిగింది, మోచేతి నుంచి తొడ దాకా నూనె పడింది. యజమాని మంచివాడే, వెంటనే ఆటోలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. చర్మం అతికించాల్సి వచ్చింది. బిల్లు చూసి ఆయన భార్య నగలు తాకట్టు పెట్టారు. ఆ తర్వాత ఆమె నెలల తరబడి పనికి రాలేకపోయింది, ఇంట్లో అద్దె కట్టాలి, పిల్లల ఫీజులు కట్టాలి. కొన్నాళ్లు ఆయన జీతం ఇచ్చాడు, తర్వాత ఇవ్వలేకపోయాడు, మాటలు పెరిగాయి, చివరికి ఆమె అన్నదమ్ములు లాయర్‌ని పట్టుకొచ్చారు. ఆయన దగ్గర ఏడుగురే పనిచేస్తున్నారు. పదిమంది లేరు కాబట్టి నాకేం సంబంధం అనుకున్నాడు. ఈఎస్‌ఐ వర్తించని చోట పనిలో ప్రమాదం జరిగితే నష్టపరిహారం యజమానే ఇవ్వాలని 1923 నుంచీ చట్టం ఉంది, ఒక్క మనిషి పనిచేస్తున్నా సరే.

ఆ పరిహారం ఎంతో తెలుసా? ప్రాణం పోతే నెల జీతంలో సగాన్ని వయసుని బట్టి ఇచ్చిన అంకెతో హెచ్చవేస్తారు. 30 ఏళ్ల మనిషికి ఆ అంకె 207.98. 12 వేల జీతం ఉన్న 30 ఏళ్ల మనిషి అయితే 6 వేలు ఇంటూ 207.98, అంటే 12 లక్షల 47 వేల పైచిలుకు. పూర్తిగా పని చేయలేని స్థితికి వస్తే సగం బదులు 60 శాతం తీసుకుంటారు కాబట్టి ఇంకా ఎక్కువ. అదే ఆమె పేరు ఈఎస్‌ఐలో ఉంటే వైద్యం ఖర్చు ఈఎస్‌ఐ సంస్థది, పని చేయలేని రోజులకి జీతంలో 90 శాతం ఆ సంస్థే ఇస్తుంది, జరగరానిది జరిగితే కుటుంబానికి నెలనెలా పింఛను కూడా సంస్థే ఇస్తుంది, మిమ్మల్ని విడిగా పరిహారం అడగడానికి వీల్లేదు. పనిలో తగిలిన గాయానికి ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలన్న షరతు కూడా లేదు, చేరిన మొదటి రోజే జరిగినా వర్తిస్తుంది. నెలకి 4,680 కట్టి మీరు దించుకుంటున్నది ఈ బరువుని. దాన్ని కేవలం పనివాళ్ల కోసం కడుతున్న డబ్బుగా చూడకండి.

రెండోది, మీ అన్నయ్య పెళ్లి కొత్త అమ్మాయిల్ని పెట్టుకోవద్దన్నది. ఈ మాట చాలామంది నోట విన్నాను, విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. కాన్పు సెలవు జీతం ఎవరిస్తారన్న భయంతో అంటారు. పదిమంది, అంతకు మించి ఉన్న సంస్థలో 26 వారాల ప్రసూతి సెలవు జీతం ఇవ్వాల్సిందే, 12 వేల జీతానికి అది దాదాపు 72 వేలు. ఈఎస్‌ఐ లేకపోతే అది మీ చేతి డబ్బు. ఈఎస్‌ఐ ఉంటే పూర్తి జీతం లెక్కన ఈఎస్‌ఐ సంస్థే ఆ అమ్మాయి బ్యాంకు ఖాతాలో వేస్తుంది, మీ గల్లాపెట్టెలోంచి రూపాయి కదలదు. అంతకు ముందు రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కలిపి 70 రోజులకి చందా ఉంటే చాలు. ఎనిమిది మంది ఆడవాళ్లతో, రేపు పన్నెండు మందితో నడిచే సంస్థకి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏ ప్రైవేటు బీమాలోనూ దొరకదు. ఏ అమ్మాయికి ఎప్పుడు పెళ్లయిందో లెక్కపెట్టుకోవాల్సిన అవసరం మీకు రాదు.

అన్నయ్య చెప్పిన మిగతా రెండు సలహాల గురించి. పుస్తకంలో రాయకపోవడం అంటే, ఆ నలుగురిలో ఒకరికి నూనె పడిన రోజున మీ దగ్గర ఏ కాగితమూ ఉండదు, పైగా దాచారని కూడా తేలుతుంది. మీ ఆయన పేరు మీద రెండో సంస్థ అన్నది కాగితం మీదే నిలబడుతుంది. ఒకే షెడ్డు, ఒకే కరెంటు మీటరు, పొద్దున అటు పనిచేసిన మనిషే సాయంత్రం ఇటు పనిచేయడం, ఒకే చేతి నుంచి జీతాలు, ఇవన్నీ చూశాక అధికారి రెండిటినీ ఒకటిగానే లెక్కగడతాడు, కోర్టులూ అలాగే చూస్తాయి. ఆర్నెల్లు తాత్కాలికంగా పెట్టుకున్నవాళ్లు, పూట పనివాళ్లు, కాంట్రాక్టరు పంపినవాళ్లు కూడా లెక్కలో ఉంటారు. సీజనల్ ఫ్యాక్టరీ అని ఒక మినహాయింపు ఉంది గానీ అది పంచదార, బెల్లం, టీ, పత్తి జిన్నింగ్ లాంటి వాటికి. పండగ సీజన్ అరిసెలకి అది వర్తించదు.

దసరా సంగతి మీరే చెప్పారు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం ప్రకారం, గడిచిన 12 నెలల్లో ఏ ఒక్క రోజు 10 మంది పనిచేసినా తయారీ యూనిట్ చట్టం పరిధిలోకి వచ్చేసినట్టే. ఒకసారి పరిధిలోకి వచ్చాక మనుషులు తగ్గినా బయటికి పోదు. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది, అయినా మీ దసరా అంతకు ముందుదే. కాబట్టి చట్టం దృష్టిలో మీరు అప్పటి నుంచే లోపల ఉన్నారు. ఇది విని కంగారు పడొద్దు. మీ ఎనిమిది మంది జీతాలు నెలకి సుమారు 96 వేలు అనుకుంటే రెండు వాటాలూ కలిపి 4 శాతం, నెలకి 3,840. గడిచిపోయిన నెలలకి పనివాళ్ల వాటా వాళ్ల దగ్గర కోయడానికి లేదు, అదీ మీరే కట్టుకోవాలి, దానిమీద ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన జరిమానా. ఇప్పుడైతే కొన్ని నెలలే కాబట్టి తట్టుకోగలరు. అధికారులు 5 ఏళ్లు వెనక్కి వెళ్లి అడగొచ్చు. అప్పటిదాకా దాచితే మీ పాత ఎనిమిది మంది మీదే 2,30,400 అవుతుంది, వడ్డీ, జరిమానా కాకుండా.

2025 రెండో సగంలో స్ప్రీ అనే పథకం పెట్టి, పాత బకాయిలు అడక్కుండా కొత్తగా నమోదు చేసుకునే అవకాశం ఇచ్చారు. 2016లో కూడా ఇలాంటిదే వచ్చింది. ఇప్పుడు మళ్లీ ఏదైనా సడలింపు నడుస్తోందేమో విశాఖలోని ఈఎస్‌ఐసీ ఉప ప్రాంతీయ కార్యాలయంలో అడగండి. ఉన్నా లేకపోయినా మీ అంతట మీరు వెళ్లడానికీ, ఎవరో ఫిర్యాదు చేశాక వాళ్లు మీ గుమ్మంలోకి రావడానికీ చాలా తేడా ఉంటుంది.

ఇదంతా చెప్పాక, చిన్న యజమానుల బాధ అబద్ధం అని మాత్రం నేను అనను. తొమ్మిది మంది ఉన్నప్పుడు సున్నా, పదో మనిషి రాగానే పదిమందికీ కట్టాలి. మెట్లు ఎక్కాల్సిన చోట గోడ ఎక్కమన్నట్టుంది ఇది. కొత్తగా పది దాటినవాళ్లకి మొదటి రెండేళ్లయినా తక్కువ రేటు పెడితే, ఎంతమంది తొమ్మిది దగ్గర ఆగిపోకుండా ముందుకి వెళ్తారో! మర్రిపాలెం, కంచరపాలెం, ఆటోనగర్ ఎక్కడ చూసినా తొమ్మిది పేర్లతో ఆగిపోయిన హాజరు పుస్తకాలు కనిపిస్తాయి, లోపల పద్నాలుగు మంది పనిచేస్తుంటారు. ఆ రాయని ఐదుగురికీ వైద్యం లేదు, యజమానికి నిద్ర లేదు. ఇంకోటి, 21 వేల పరిమితి 2017 జనవరి నుంచి అక్కడే ఉంది. ఇన్నేళ్లలో జీతాలు పెరిగాయి, ఖర్చులు అంతకన్నా పెరిగాయి. మంచి పనిమంతుడికి వెయ్యి రూపాయలు పెంచితే అతను ఈఎస్‌ఐ నుంచి బయటికి పోతాడు, అందుకని జీతం పెంచొద్దని పనివాళ్లే బతిమాలిన సందర్భాలు ఉన్నాయి. ఈ పరిమితి పెంచాలి.

అన్నిటికన్నా పెద్ద బాధ, కట్టిన డబ్బుకి వైద్యం సరిగ్గా అందకపోవడం. మీ పనివాళ్లు ఒక రోజు పోతుంది అన్నదాంట్లో తప్పేమీ లేదు. పొద్దున్నే డిస్పెన్సరీకి వెళ్లి లైన్లో నిలబడి, చీటీ రాయించుకుని, మందుల కిటికీ దగ్గర ఈ మాత్ర స్టాకు లేదు, వచ్చే వారం రండి అనిపించుకుంటే ఎవరికైనా మండుతుంది. దాంతో చాలామంది యజమానులు ఇటు చలానా కట్టి, అటు వీధి చివర ప్రైవేటు క్లినిక్ బిల్లూ కడుతున్నారు. అసలు భారం అంటే అదీ, ఒకే రోగానికి రెండుసార్లు కట్టడం. దీనికి కారణం కూడా తెలుసుకోండి. చందా వసూలు చేసేది కేంద్రం చేతిలోని సంస్థ. డిస్పెన్సరీలు, చాలా ఆసుపత్రులు నడిపేది రాష్ట్ర ప్రభుత్వం. ఖర్చులో 8 వంతుల్లో 7 ఆ సంస్థ, 1 రాష్ట్రం పెట్టుకోవాలి. మందులు లేవని ఒకరినడిగితే రెండోవాళ్ల వైపు చూపిస్తారు. మన జిల్లాలో ఇంతమంది కార్మికులుండగా భారం ఏళ్ల తరబడి మలకాపురం ఆసుపత్రి మీదే పడింది. షీలానగర్‌లో పెద్ద ఆసుపత్రి, అచ్యుతాపురంలో 30 పడకల ఆసుపత్రి పూర్తిస్థాయిలో పనిచేసే దాకా చిన్న యజమానులు, పనివాళ్లు కలిసి అడుగుతూనే ఉండాలి. డబ్బు కట్టేవాళ్లకి అడిగే హక్కుంది.

అందుకని నమోదు చేయించి ఊరుకోవద్దు, పని అయ్యేలా చూసుకోవడం కూడా మీ చేతిలో కొంత ఉంది. పనివాళ్ల పేర్లు ఎక్కించేటప్పుడు ఈఎస్‌ఐ వెబ్‌సైట్ డిస్పెన్సరీ ఎంచుకోమంటుంది. కన్సల్టెంట్ చేతికి వదిలేస్తే ఏదో ఒకటి నొక్కేస్తాడు, మీరు పక్కన కూర్చుని వాళ్ల ఇళ్లకి దగ్గరున్నది పెట్టించండి. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతాలో పేరు ఒక్కలాగే ఉన్నాయో లేదో ముందే చూడండి. డబ్బులు ఆగిపోయే కేసుల్లో చాలా వరకు అక్కడే ఆగుతాయి. భర్త, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రుల పేర్లు అన్నీ ఎక్కించండి. కొత్త కోడ్‌లో పనిచేసే ఆడవాళ్లకి ఆధారపడిన అత్తమామలు కూడా కుటుంబం నిర్వచనంలోకి వచ్చారు, ఇది మీ వాళ్లకి తప్పకుండా చెప్పండి, ఎంతోమంది ఇళ్లలో మందుల ఖర్చంతా అత్తమామలదే. చెయ్యి కాలినా, పనికి వచ్చే దారిలో ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర బండి గుద్దినా, ఆ రోజే ప్రమాదం రిపోర్టు ఆన్‌లైన్‌లో పెట్టించండి, రేపు చూద్దాం అనొద్దు. నెలకోసారి ఈఎస్‌ఐసీ ఆఫీసులో ఫిర్యాదులు వినే సమావేశం జరుగుతుంది, మందులు దొరకలేదన్న చీటీలు పట్టుకుని దానికి వెళ్లండి. యజమాని, పనిచేసే మనిషి ఇద్దరూ కలిసి వెళ్లి అడిగితే వినే తీరే వేరుగా ఉంటుంది, నేను చూశాను.

జీతంలో కోయొద్దు అంటున్నవాళ్లకి ఎలా చెప్పాలంటే, 12 వేలకి వాళ్ల వాటా 90 రూపాయలు. ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, మంచిదే, ఆపరేషన్ల వంటి పెద్ద వైద్యానికి అక్కరకొస్తుంది. కానీ జ్వరం వచ్చి పది రోజులు మంచం మీద ఉంటే ఆ రోజుల జీతం అది ఇవ్వదు. ఈఎస్‌ఐలో చందా కాలంలో 78 రోజులకి కట్టి ఉంటే, జబ్బు పడ్డ రోజులకి జీతంలో 70 శాతం ఇస్తారు, ఏడాదిలో 91 రోజుల దాకా. అందరినీ కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఈ మాటలు నిదానంగా చెప్పండి. ఇంకా గొణుగుడు ఉంటే జీతం ఒక 100 రూపాయలు పెంచేయండి, పన్నెండు మందికి 1,200, గొడవ ఉండదు. ఒక్క పని మాత్రం చేయకండి, మీ 3.25 శాతం కూడా వాళ్ల జీతంలోంచి కోయడం. కొందరు చేస్తున్నారు, అది నేరం, పైగా అన్యాయం.

చలానా ప్రతి నెలా 15వ తేదీ లోపల కట్టాలి. పనివాళ్ల దగ్గర వాటా కోసుకుని అసలు కట్టకపోతే జైలు దాకా వెళ్తుంది. మీకు ఇక్కడ కష్టం వచ్చేది ఎక్కడంటే, సూపర్‌ మార్కెట్ వాళ్లు బిల్లు రెండు మూడు నెలలు ఆపేస్తారు, 15వ తేదీ మాత్రం ఆగదు. ఉద్యమ్ (చిన్న సంస్థలకి ప్రభుత్వం ఇచ్చే) నమోదు లేకపోతే ముందు అది చేయించండి. సూక్ష్మ, చిన్న సంస్థలకి రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆ గడువు దాటిస్తే కొనుగోలుదారుకి పన్నులోనూ దెబ్బ పడుతుంది కాబట్టి ఇప్పుడు కాస్త భయం ఉంది. ఒప్పందంలో 45 రోజులు అని రాయించుకోండి.

పీఎఫ్ గురించి మీరు అడగలేదు గానీ, అది 20 మంది దగ్గర మొదలవుతుంది, ఇప్పటికి మీకు రాదు.

మిగిలింది మేస్త్రి గారు. ఆయనే రోజంతా ఆ నూనె ముందు నిలబడేది, ఆయనకే ఈఎస్‌ఐ లేదు. వదిలేయకండి. ఒక్కడి కోసం గ్రూపు పాలసీ దొరకదు, దొరికినా దాని మీద జీఎస్‌టీ 18 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు, కుటుంబాలు తీసుకునే ఆరోగ్య పాలసీలకి జీఎస్‌టీ తీసేశారు కాబట్టి ఆయన పేరు మీదే కుటుంబ పాలసీ తీయించి, ప్రీమియంలో సగమో మొత్తమో మీరు బ్యాంకు ద్వారా కట్టండి. నగదు ఇవ్వొద్దు, బ్యాంకు ద్వారా కడితేనే మీకు ఖర్చు కింద వస్తుంది. ఆయనకి ఇప్పటికే షుగరో ఇంకోటో ఉంటే ఫారంలో దాచకుండా రాయించండి, దాచితే క్లెయిమ్ రోజున కొట్టేస్తారు. పనిలో ప్రమాదం జరిగితే ఆయనకి పరిహారం ఇవ్వాల్సింది మాత్రం మీరే, ఆరోగ్య పాలసీ దానికి సరిపోదు. బీమా కంపెనీల దగ్గర యజమాని బాధ్యత పాలసీ అని విడిగా ఉంటుంది, ఆయన ఒక్కడికీ అది తీసుకోండి.

ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు దసరా నెల హాజరు పుస్తకం, జీతాల పుస్తకం, కరెంటు బిల్లు, అందరి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు తీసుకెళ్లండి, ఆ పదిహేను రోజులు పెట్టుకున్న నలుగురి పేర్లతో సహా. సూపర్‌ మార్కెట్ వాళ్లకి రేటు చెప్పేది ఆ పని అయ్యాకే పెట్టుకోండి.